పాత బొమ్మ మీద కొత్త పేరు

వకుళ కాపరానికి వచ్చేసరికి అత్తవారిల్లు ఒక దేశమై ఉంది.

పెళ్లిచూపులప్పుడు అది మామూలు పెంకుటిల్లే. ఇప్పుడు వీధి గుమ్మం దగ్గర సరిహద్దు ఉంది. పెరట్లో తాడు మీద ఆరేసిన ఆకుపచ్చ తువ్వాలు జెండా. వంటింట్లోంచి బయలుదేరి వీధి అరుగు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. దిగబెట్టడానికి వచ్చిన అన్నయ్యను గుమ్మం అవతలే ఆపేస్తారు. అతను సారె బుట్టలు లోపలికి అందించి, "పర్లేదులేవే, పరాయి దేశం కదా" అని చెయ్యూపి వెళ్లిపోతాడు.

"ముందే చెప్పొచ్చుగా" అంటుంది వకుళ మొగుడితో.

"చెబితే చేసుకునేదానివా?" అంటాడు ముకుందం.

"చేసుకునేదాన్నే. పాస్‌పోర్టుకి ఫోటో కాస్త మంచిది దిగి తెచ్చుకునేదాన్ని."

ఇద్దరూ పడీపడీ నవ్వుతారు. వకుళకు ఈ మధ్య అన్నిటికీ నవ్వొస్తోంది. కరివేపాకు రెబ్బ నూనెలో చిటపటమన్నా నవ్వే, ముకుందం చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నా నవ్వే. కొత్త పెళ్లికూతురికి లోకమంతా అంచులు కరకరలాడే పెసరట్టులా కనిపిస్తుంది.

ఆ దేశంలో చట్టం ఒక్కటే. ఒక గదిలో ఉన్నవాళ్లు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. మాట గడప దాటాలంటే మాత్రం దాని మీద స్టాంపు ఉండాలి. చెప్పదలచుకున్నది గుప్పిట్లోకి చెప్పి, గుప్పిట మూసి, పైన స్టాంపు అంటించాలి. గడప దగ్గర పీట వేసుకుని కూర్చున్న ముకుందం దాని మీద నల్లటి గుండ్రటి ముద్ర కొడతాడు. అప్పుడు గుప్పిట తెరిస్తే మాట అవతలి గదిలో వినిపిస్తుంది. వాడిన స్టాంపు మళ్లీ పనికిరాదు.

స్టాంపు వెనక తుమ్మజిగురు రాస్తారు. అందులో అత్తగారు కాస్త బెల్లం కలుపుతుంది. కాఫీ కావాలని వంటింటికి చెప్పడం కన్నా ఆ స్టాంపు నాకడమే వకుళకు బాగుంటుంది. మొదటి రోజు ఆమె అనవసరంగా "కాఫీ", "ఇంకో కాఫీ", "కాఫీ వద్దు" అని మూడు మాటలు పంపుతుంది.

భోజనాల దగ్గర ఇంటి ఆడవాళ్లను తీరిగ్గా చూస్తుంది. అత్తగారు కనకవల్లికి, తోడికోడలు సుభాషిణికి ఒకటే ముఖం. అదే కోలముఖం, అదే పెద్ద ముక్కుపుడక, అదే పక్కచూపు. తేడా అల్లా అక్షరాల్లోనే. ఒకరి ముఖానికి అడ్డంగా, కళ్ల కింద నుంచి ముక్కు మీదుగా, నల్లటి అచ్చులో కనకవల్లి అని ఉంటుంది. ఇంకొకరి ముఖానికి అడ్డంగా సుభాషిణి అని ఉంటుంది. చారు వేడికి చెమట పట్టి తుడుచుకున్నా ఆ అక్షరాలు చెదరవు.

స్టాంపు మీద ఉన్నదీ ఆ ముఖమే.

"నీకు పదహారు రోజుల పండుగనాడు వేస్తాం, అమ్మాయీ" అంటుంది కనకవల్లి, పప్పులో నెయ్యి వేస్తూ.

"ఏమిటండీ?"

"ముఖం. దాని మీద పేరు. వకుళ అంటే మూడక్షరాలే, ముక్కు మీద చక్కగా సరిపోతుంది. సుభాషిణికి చెవుల దాకా పాకింది పాపం."

"మరి నా ముఖం?"

"కింద ఉంటుందిగా. ఎక్కడికి పోతుంది?"

"కనబడదు కదా అత్తయ్యా."

"గోడకి సున్నం వేస్తే గోడ పోతుందటే?"

వకుళ అన్నం కలుపుతూ ఎడంచేత్తో గడ్డం తడుముకుంటుంది. గడ్డం మీద చిన్న మచ్చ ఉంది. చిన్నప్పుడు జామచెట్టు మీంచి దూకి, పందెం గెలిచి, తెచ్చుకున్న మచ్చ. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంటుంది. పెళ్లిచూపుల్లో అందరూ జీతం సంగతి మాట్లాడుతుంటే ముకుందం ఆ కనుబొమనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఫోన్లో, "అది కామాలా ఉంది. అక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది" అన్నాడు. ఆ మాటకే ఆమె ఈ పెళ్లికి సరే అంది. ఆ ముఖం పోతే, ఇతను ఎక్కడ ఆగుతాడు?

*

సుభాషిణి ఆమెను నడవలోకి తీసుకెళ్తుంది. ఆ దేశపు చరిత్ర అంతా నడవ గోడకే అంటించి ఉంది. వకుళ కాలేజీలో చరిత్రే చదివింది కానీ, ఇలా చేత్తో తడిమే చరిత్ర ఎప్పుడూ చూడలేదు. ఒక్కో స్టాంపు చూసినకొద్దీ నడవ ఒక్కో బార పొడుగవుతుంది.

"ఇది మొట్టమొదటిది" అంటుంది సుభాషిణి. ఎర్రటి స్టాంపు, అంచులు వంకరటింకర. "అప్పటికి పళ్లంచు లేదు. అడకత్తెరతో కత్తిరించేవారు. ఈవిడే మొదటి కోడలు. బొమ్మ చెక్కినతను ఇదొక్కటి చెక్కి చనిపోయాడు. తర్వాత ఈ దేశంలో చెక్కడం ఎవరికీ రాదు. పాత బొమ్మ మీద కొత్త పేరు కొట్టడమే వచ్చు."

"ఇక్కణ్ణించి పళ్లంచు వచ్చింది కదక్కా?"

"ఆఁ. మామ్మగారు కుట్టుమిషను కొనుక్కుంది. దారం లేకుండా కాగితం మీద తొక్కితే బెజ్జాలు పడ్డాయి. ఆ తర్వాత ఈ ఇంట్లో అన్నీ చించడం తేలికైపోయింది."

కరువు నాటి స్టాంపులు ఐమూలగా సగానికి కోసి ఉన్నాయి. కాగితం దొరకని ఆ ఏడు సగం స్టాంపుకి సగం మాటే వెళ్లేది. మామగారు పుట్టింది ఆ ఏడే. అందుకే ఆయన ఇప్పటికీ ఏ వాక్యమూ పూర్తి చెయ్యడు.

తర్వాతివి నల్లటి అంచువి. పెద్ద తాతగారు పోయినప్పుడు దుఃఖంలో లెక్క తప్పి ఎక్కువ అచ్చేశారు. అవి అయ్యేదాకా పుట్టినరోజులకీ, పురుళ్లకీ కూడా అవే వాడారు.

తర్వాత అన్నదమ్ములు విడిపోయారు. అదే బొమ్మ మీద సగం వాటికి 'తూర్పు వాటా' అనీ, మిగతా వాటికి 'పడమటి వాటా' అనీ కొట్టారు. మధ్యలో ఉన్న నుయ్యి ఏ వాటాలోకీ రాలేదు. అక్కడ ఏ స్టాంపూ చెల్లదు.

"అందుకని ఆడవాళ్లంతా ఏడవడానికి అక్కడికే వెళ్లేవారు" అంటుంది సుభాషిణి. "ఏడుపుకి స్టాంపు అక్కర్లేదు కదా."

నడవ చివర ఇంకో స్టాంపు ఉంది. అదే కోలముఖం, అదే పక్కచూపు. ముఖానికి అడ్డంగా 'స్వేచ్ఛ' అని అచ్చు వేశారు.

"ఇదెప్పుడు?"

"వాటాలు మళ్లీ కలిసిపోయినప్పుడు. పావురం బొమ్మ వేద్దామనుకున్నారట. చెక్కేవాడు లేడుగా. ఉన్న ఆవిడ మీదే కొట్టేశారు."

వకుళ ఆ స్టాంపుకు బాగా దగ్గరగా వెళ్లి చూస్తుంది. కింద ఉన్న ఆవిడ అసలు పేరేమిటో ఎక్కడా కనబడదు.

"ఆవిడ ఏమైందక్కా?"

"వాడేశారు" అంటుంది సుభాషిణి.

*

మధ్యాహ్నం తమ గదిలో, తలుపు వేసుకుని, వకుళ ముకుందం ఎదుట ఒక బంగాళాదుంప పెడుతుంది. పక్కన కూరల చాకు పెడుతుంది.

"నన్ను చెక్కండి."

"నాకెక్కడొచ్చు?"

"స్కూల్లో బెండకాయ ముక్క సిరాలో ముంచి పువ్వులు అద్దలేదూ? అదే ఇది."

"బెండకాయకి కనుబొమలుండవే."

"ఉంటే మీరు బెండకాయనే చేసుకునేవారు."

ముకుందం చాకు తీసుకుంటాడు. అతని చేతులు అతనికన్నా ముందే పని మొదలుపెడతాయి. బుగ్గ వస్తుంది. పెదవి వస్తుంది. వకుళ కదిలితే "ఉష్" అంటాడు, నవ్వితే "అయిపోయావ్, పళ్లు కూడా పడతాయి" అంటాడు. గడ్డం దగ్గర మచ్చకు చాకు మొనతో ఒక్క చుక్క పెడతాడు. కనుబొమ దగ్గరకు వచ్చి ఆగుతాడు. చాలాసేపు ఆగుతాడు. వకుళ జీవితంలో అంతకన్నా మంచి మధ్యాహ్నం లేదు.

కాళ్లకు పూయగా మిగిలిన పారాణిలో దుంప ముంచి కాగితం మీద అద్దుతారు. ఎర్రటి వకుళ పడుతుంది. పిన్నీసుతో చుట్టూ బెజ్జాలు పొడుస్తారు. వెనక జిగురు రాస్తారు. ఒకరి ముక్కు మీద ఒకరు పారాణి పూసుకుంటారు.

"మీవాళ్లు ఒప్పుకోకపోతే?" అంటుంది వకుళ.

"నేనున్నాగా" అంటాడు ముకుందం.

ఆమె గుప్పిట్లోకి "ఆకలేస్తోంది" అని చెప్పి, తన ముఖం అంటించి, గడప మీదకు చాపుతుంది. ముకుందం ముద్ర కొడతాడు. మాట వంటింట్లోకి వెళ్తుంది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోతుంది. కాసేపటికి ఇల్లంతా వచ్చి వాళ్ల గదిలో నిలబడుతుంది.

మామగారు స్టాంపును వెలుగుకు పట్టి, "ఇది మన..." అంటాడు.

"మన స్టాంపు కాదంటున్నారు" అంటుంది సుభాషిణి.

"ఇలాంటిది ఎప్పుడూ..."

"జరగలేదంటున్నారు."

కనకవల్లి స్టాంపు అంచులు వేలితో తడుముతుంది. వెనక నాలిక్కి ఆనించి చూస్తుంది. వకుళ ముఖం చూస్తుంది, స్టాంపు చూస్తుంది. ఆమె ముక్కు మీది అక్షరాలు వణుకుతాయి.

"మచ్చ కూడా పడిందే!" అంటుంది చివరికి. "ఎన్ని తరాలైంది కొత్త బొమ్మ చూసి! నా కొడుక్కి చెక్కడం వచ్చని ఇన్నాళ్లూ నాకే తెలీదు. ఒరేయ్, పాతవన్నీ రద్దు చెయ్యరా. ఇహ మనకి ఇదే స్టాంపు."

అంత తేలిగ్గా గెలవడం వకుళకు అలవాటు లేదు. అత్తగారి కాళ్లకు దండం పెడుతుంది. సాయంత్రం దాకా ముకుందం అద్దుతూనే ఉంటాడు. మంచం నిండా, కిటికీల నిండా, బీరువా పైన, ఎర్రటి వకుళలు ఆరుతుంటారు. పదహారు రోజుల పండుగనాడు ఆమె ముఖం మీద ఏమీ వెయ్యరు. బూరెలు మాత్రం పెడతారు.

*

మర్నాడు కనకవల్లి కాఫీ తీసుకొస్తుంది. ఆమె గడ్డం మీద చిన్న మచ్చ ఉంది. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది. ముక్కు మీదుగా కనకవల్లి అన్న అక్షరాలు ఎప్పటిలాగే ఉన్నాయి. వెనకే సుభాషిణి అదే గడ్డంతో, అదే కనుబొమతో వస్తుంది.

"ఎలా ఉన్నాం?" అని సుభాషిణి చెంగు ఊపుకుంటూ ఒక చుట్టు తిరుగుతుంది.

వకుళ చప్పట్లు కొడుతుంది. అద్దం ముందు ముగ్గురూ నిలబడి ఒకేసారి కనుబొమ ఎగరేస్తారు. కవలపిల్లల కన్నా సరదాగా ఉంది.

పొద్దెక్కేకొద్దీ మాటలు బయలుదేరతాయి. ఆ ఇంట్లో ఏ మాట గడప దాటినా ఇప్పుడు వకుళ ముఖం అంటించుకునే దాటుతుంది. వంటింటి నుంచి "సుభాషిణీ, మీ అమ్మ నీకు చారు పెట్టడం నేర్పిందా, చేతులు కడగడం నేర్పిందా?" అన్న మాట వకుళ ముఖంతో వెళ్తుంది. సావిట్లోంచి "నీ గొంతు వినబడితే..." అన్న మామగారి మాట, మిగతా సగం అక్కర్లేకుండానే, వకుళ ముఖంతో వెళ్తుంది. తిరిగి సుభాషిణి పంపే "క్షమించండి" కూడా వకుళ ముఖంతోనే. ప్రతి దాని మీదా గడప దగ్గర ముద్ర పడుతుంది. పడినప్పుడల్లా వకుళ నుదురు అదురుతుంది. నోట్లో సిరా చేదు ఊరుతుంది.

"ఏవండీ, కాస్త మెల్లిగా కొట్టండి."

"మెల్లిగా కొడితే తేదీ సరిగ్గా పడదు, వకుళా" అంటాడు ముకుందం, తల ఎత్తకుండా.

"నేనున్నానన్నారుగా."

"ఉన్నాగా. ఇక్కడే కూర్చున్నాగా."

అది నిజమే. అతను ఎక్కడికీ పోలేదు. ఆమె పక్కకు తిరిగి నుదురు చల్లటి గోడకు ఆనిస్తుంది.

ఇంకో రోజు ఆమె గదిలోకి వస్తే ముకుందం మర్యాదగా లేచి నిలబడతాడు. "ఎవరండీ మీరు?"

"అదేం వేళాకోళం?"

"వేళాకోళం కాదండీ. మా అమ్మకి పేరుంది, వదినకి పేరుంది. మీ ముఖం మీద ఏమీ రాసి లేదు. అందుకని అడుగుతున్నాను."

"కనుబొమ చూడండి. కామా."

అతను చూస్తాడు. ఏమాత్రం ఆగకుండా చూస్తాడు. "అది అందరికీ ఉందండీ" అంటాడు.

*

మరిది చంద్రం పెళ్లి కుదురుతుంది. పిల్ల పేరు మంజూష. పెళ్లి ఆడపిల్లవారి ఊళ్లో జరుగుతుంది. తమ దేశం వదిలి వెళ్లే అలవాటు లేదు కాబట్టి పెళ్లికి చంద్రం ఒక్కడే వెళ్తాడు.

వాళ్లిద్దరూ తిరిగి వచ్చే రోజు ఇల్లంతా సందడి. పడమటి గదిలో కనకవల్లి అచ్చుకు సిరా కలుపుతోంది. బల్ల మీద 'మంజూష' అన్న అక్షరాలు వరసగా పేర్చి ఉన్నాయి. పక్కన ఎర్రటి స్టాంపుల దొంతర ఉంది.

"ఇదేంటత్తయ్యా?"

"కొత్త కోడలొస్తోందిగా. ముఖం వెయ్యొద్దూ?"

"ఆ అమ్మాయికి ముఖం ఉంటుందిగా."

"నీ ముఖం ఉండగా ఇంకోటెందుకమ్మా? నువ్వు ఎంత ముచ్చటపడి చేయించుకున్నావ్!" అంటుంది కనకవల్లి. ఆమె నిజంగానే ప్రేమగా అంటుంది. అన్నది వకుళ పెదవులతోనే.

వకుళ కిటికీలోంచి చూస్తుంది. దూరంగా, సరిహద్దు అవతల, ఆటో దిగుతున్నారు. మంజూషది వెడల్పాటి నుదురు. ముందు పళ్ల మధ్య సందు ఉంది. చంద్రం తలపాగా ఆటో పైకప్పుకు తగిలి ఊడిపోతే ఆమె కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు వకుళకు బాగా తెలుసు.

ఆమె గుప్పిట్లోకి "లోపలికి రాకు" అని చెబుతుంది. తన ముఖం అంటిస్తుంది. గడప మీదకు చాపుతుంది.

"ఇది వెళ్లదండీ" అంటాడు ముకుందం. "సరిహద్దు దాటే మాటకి అచ్చు బొమ్మ చెల్లదు. అసలు బొమ్మ కావాలి."

"దుంపేది?"

"మొలకలొచ్చాయని అమ్మ కూరలో వేసింది."

వకుళ తన గడ్డం మీది మచ్చ తడుముకుంటుంది. "అసలు ముఖమే అంటిస్తే?"

"అదైతే నిక్షేపంగా వెళ్తుంది. దాంతో ఎంత బరువైనా వెళ్తుంది."

"ఇల్లంత బరువైనా?"

"ఇల్లంతైనా. కానీ ఒక్కసారే పనికొస్తుంది."

"మీరు వద్దనరేం?"

"మీరెవరో తెలిస్తే కదండీ, వద్దనడానికి" అంటాడు ముకుందం. అలా అన్నందుకు నిజంగా నొచ్చుకుంటాడు కూడా.

ఆమె పెరట్లోకి వెళ్తుంది. రాగి కాగులో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. చెవుల దాకా ముఖం ముంచి ఊపిరి బిగబడుతుంది. జిగురు నానాలంటే తొందరపడకూడదు. తొందరపడితే చినుగుతుంది. మొదట గడ్డం దగ్గర, మచ్చ పక్కన, వదులవుతుంది. తర్వాత బుగ్గలు. కనుబొమ తెగిన చోట కొంచెం పట్టుకుంటుంది. అక్కడ ఆమె వేలు పెట్టి నెమ్మదిగా లేపుతుంది. ముఖం నీళ్ల మీద తేలుతుంది. రెండు వేళ్లతో పైకి తీసి, నీళ్లు ఓడ్చి, తడి ఆరకముందే వీధి గోడ దగ్గరకు పరిగెత్తుతుంది. అంత పెద్ద దేశమూ దాటడానికి ఆమెకు ఈసారి ఒక్క గుక్క ఊపిరి చాలుతుంది.

నిచ్చెన వేసుకుని, గోడకు కుడివైపు పైమూల, తన ముఖం అంటిస్తుంది. అరచేత్తో గట్టిగా అదుముతుంది. ఆ క్షణం నుంచి గోడ మీది ముఖంతోనే చూస్తుంది.

మంజూష గుమ్మం ముందు కుడికాలు ఎత్తి ఉంది.

ముద్ర ఇంకా పడకుండానే ఇల్లు నేలను వదులుతుంది. పునాదుల మట్టి రాలుతుంది. మంజూష కాలు గడప మీద పడబోయి, గడప లేక, గరిక మీద పడుతుంది.

"ఏవండీ, ఇల్లెక్కడికి పోతోంది?" అన్న గొంతు కింది నుంచి వినిపిస్తుంది.

"ఏమో మరి" అంటాడు చంద్రం. "పోనీలే, అద్దెకు చూద్దాం."

ఆ పిల్ల మళ్లీ నవ్వుతుంది. ఆ నవ్వు స్టాంపు లేకుండానే కొంత దూరం వెంట వచ్చి ఆగిపోతుంది.

పైకి పోయేకొద్దీ ఇల్లు మళ్లీ చిన్నదవుతుంది, పలచబడుతుంది. గోడలు ఉత్తరం కవరులా ఒకదాని మీద ఒకటి మడతపడతాయి. మడతల మధ్య గిన్నెలు జరిగిన చప్పుడు, ఉప్పు ఒలికిందన్న కనకవల్లి కేక, "ఇదంతా ఎవరి..." అన్న మామగారి గొంతు. ఈసారి ఆ వాక్యం ఎవరూ పూర్తి చెయ్యరు. ముకుందం ముద్ర చేత్తో పట్టుకుని అరుగు మీదకొచ్చి, ముఖం లేని ఆమె ఉన్న వైపు చూస్తాడు.

"చిరునామా ఏం రాశారండీ?"

"రాయలేదు" అంటుంది వకుళ గోడ మీంచి.

అతను తన చేతిలోని ముద్ర చూసుకుంటాడు, గోడ మీది ముఖం చూస్తాడు. "ఇంత పెద్ద స్టాంపుకి ఇది చాలదు" అంటాడు. తర్వాత తల ఎత్తి పైకి చూసి, ముద్ర అరుగు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేస్తాడు.

మేఘాల అవతల నుంచి నల్లటి గుండ్రటి పెద్ద ముద్రేదో దిగుతోంది. తొందర లేకుండా, తిన్నగా, కుడివైపు పైమూలకే దిగుతోంది. దగ్గరకొచ్చేకొద్దీ దాని అడుగు భాగం కనబడుతుంది. అక్కడ ఒక ఊరు తలకిందులుగా ఉంది. వీధులున్నాయి, కుళాయిల దగ్గర బిందెలున్నాయి, దుకాణాల బోర్డుల మీద అక్షరాలన్నీ అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. ఒక డాబా మీద ఒక ఆడమనిషి తీగ మీద చీర ఆరేస్తోంది. చీర డాబా వైపు కాకుండా వకుళ వైపు వేలాడుతోంది. ఆ ఆడమనిషి తల ఎత్తుతుంది. తన మీదకు వస్తున్న వకుళ ముఖాన్ని చూస్తుంది. నోట్లోని క్లిప్పు జారిపోతుండగా, రెండు అరచేతులతో తన ముఖం గట్టిగా కప్పుకుంటుంది.